మొదటిసారి మంచు చూడబోతున్న కుటుంబానికి: టర్కీలో ఉలుదా ప్రయాణం ప్లాన్ చేసుకోవడం ఎలా

మంచు ప్రయాణం అనుకోగానే చాలామంది హోటల్ ఫోటోలు చూడటం మొదలుపెడతారు. నన్నడిగితే ముందు మీ ఇంట్లోవాళ్లను చూసుకోండి. అందరిలోకీ చిన్నవాళ్ల వయసెంత? అందరిలోకీ పెద్దవాళ్ల మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఏ కొండకి వెళ్లాలి, ఎన్ని రాత్రులు ఉండాలి, ఏ దారిన వెళ్లాలి అన్నవన్నీ ఈ రెండు జవాబులను బట్టే తేలతాయి. మేం వెళ్లినప్పుడు మాతో ఐదేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు, అరవై ఎనిమిదేళ్ల మా అత్తయ్య ఉన్నారు. మా ఆయన వేసిన మొదటి ప్లాన్‌లో ఎనిమిది రోజుల్లో ఇస్తాంబుల్, కప్పడోకియా, రెండు మంచు కొండలు ఉన్నాయి. అత్తయ్య ఆ కాగితం తీసుకుని అంతా చదివి, "ఇందులో కాస్త కూర్చునే రోజేదమ్మా?" అని నన్ను అడిగారు. ఆ రాత్రే ప్లాన్ మొత్తం మార్చేశాం. ఒకే కొండ ఉలుదా, దాని మీద మూడు రాత్రులు, కింద బుర్సా ఊళ్లో ఒక ఖాళీ రోజు. చిన్నపిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న ఏ కుటుంబానికైనా నేను ఇదే చెప్తాను.

తేదీలు

టర్కీ కొండల్లో స్కీయింగ్ సీజన్ మామూలుగా డిసెంబర్ మధ్యలో మొదలై మార్చి చివరిదాకా నడుస్తుంది. డిసెంబర్ మంచు మీద నమ్మకం పెట్టుకోలేం. ఒక్కో ఏడాది క్రిస్మస్ దాకా కొండ పలచగానే ఉంటుంది. జనవరి, ఫిబ్రవరి నెలలు ఖాయం. అయితే ఈ రెండు నెలల్లోనూ తప్పించుకోవాల్సిన రోజులున్నాయి. ఒకటి కొత్త సంవత్సరం వారం. రెండోది అక్కడి బడులకు జనవరి మూడో వారం నుంచి నెలాఖరు దాకా ఇచ్చే రెండు వారాల సెలవులు. వీటిని సొమెస్తెర్ అంటారు. 2026లో ఇవి జనవరి 19 నుంచి 30 దాకా వచ్చాయి. ఆ రోజుల్లో ఇస్తాంబుల్ పిల్లలంతా కొండ మీదే ఉంటారు. గది ధరలు పెరుగుతాయి, వాలు పైకి తీసుకెళ్లే స్కీ లిఫ్టుల దగ్గర క్యూలు సాగుతాయి, స్కీ నేర్పే టీచర్లు దొరకరు.

ఇక్కడ మనకో అదృష్టం ఉంది. మన సంక్రాంతి సెలవులు సరిగ్గా ఈ రెండు రద్దీల మధ్య పడతాయి. పిల్లలకు బడి పోదు, కొండ మీద మంచు గట్టిగా ఉంటుంది, జనం తక్కువ. పండక్కి ఊరెళ్లలేకపోవడం బాధే, కాదనను. మేం భోగి ముందు రోజు బయల్దేరాం, ఆ లోటు ఇప్పటికీ గుర్తుంది. పండగ వదులుకోలేం అనుకునేవాళ్లు ఫిబ్రవరి రెండు, మూడు వారాలు చూసుకోండి. ఏ నెలైనా సరే, కొండ మీద ఉండే రోజులు ఆదివారం సాయంత్రం నుంచి గురువారం లోపు ఉండేలా పెట్టుకుంటే మంచిది. శని, ఆదివారాల్లో ఇస్తాంబుల్, బుర్సా నుంచి ఆ రోజుకారోజు వచ్చిపోయేవాళ్లతో కిటకిటలాడిపోతుంది.

మరో విషయం. జనవరిలో అక్కడ ఉదయం ఎనిమిది దాటాకే తెల్లవారుతుంది, సాయంత్రం ఆరు దాటగానే చీకటి పడుతుంది. టర్కీ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. అంటే ఇక్కడ ఏడింటికి లేచే పిల్లలు అక్కడ నాలుగున్నరకే లేచి కూర్చుంటారు. తెల్లవారేదాకా వాళ్లను ఆడించడానికి పేకముక్కలో, బొమ్మలేసుకునే పుస్తకమో బ్యాగులో పెట్టుకోండి.

ఏ కొండ?

మొదటిసారి వెళ్లే కుటుంబానికి నా ఓటు ఉలుదాకే. టర్కిష్ రాతలో (Uludağ) చివర 'గ్' కనిపిస్తుంది కానీ పలకరు. బుర్సా నగరం పక్కనే 2,543 మీటర్ల ఎత్తున్న కొండ ఇది. హోటళ్లు దాదాపు 1,800 మీటర్ల దగ్గర ఉంటాయి కాబట్టి పెద్దవాళ్లకు ఊపిరి విషయంలో అంతగా ఇబ్బంది ఉండదు. ఇస్తాంబుల్‌కు దగ్గర. మంచు బాగా లేకపోయినా, వాతావరణం ఎదురు తిరిగినా, కింద చూడదగ్గ పెద్ద ఊరుంది. పిల్లలతో వెళ్లేటప్పుడు ఈ చివరిదే అన్నిటికంటే ముఖ్యం.

కప్పడోకియా ఎలాగూ చూడాలనుకునేవాళ్లకు కైసెరి దగ్గరి ఎర్జియెస్ బాగా కలిసొస్తుంది. అది చల్లారిపోయిన అగ్నిపర్వతం, ఎత్తు 3,900 మీటర్ల పైనే. స్కీ చేసే వాలులన్నీ కలిపితే వంద కిలోమీటర్లు దాటతాయి. విమానాశ్రయం కూడా దగ్గరే. కాకపోతే కొండ మీద చెట్లు లేవు, గాలి వీస్తే తలదాచుకునే చోటుండదు. తూర్పున ఎర్జురుమ్ దగ్గర పలాండొకెన్ ఉంది. 2011 శీతాకాల యూనివర్సియాడ్ (ప్రపంచ విశ్వవిద్యాలయాల విద్యార్థుల ఆటల) పోటీలు జరిగింది అక్కడే. మంచు అద్భుతం, చలి భయంకరం. రాత్రి మైనస్ ఇరవై దాకా పడిపోవడం అక్కడ మామూలే. కార్స్ జిల్లాలోని సరికమిష్‌లో పైన్ చెట్ల అడవి మధ్య స్కీ చేస్తారు. టర్కీలో నాకు అన్నిటికంటే అందంగా అనిపించే కొండ అదే. కానీ ఐదేళ్ల పాపతో మొదటిసారే అంత దూరం వెళ్లమని చెప్పను. పిల్లలు కాస్త పెద్దయ్యాక వెళ్లండి.

వీసా, టికెట్లు

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లలో అమెరికా, బ్రిటన్, ఐర్లండ్ లేదా షెంగెన్ దేశాల వీసా గానీ రెసిడెన్స్ పర్మిట్ గానీ చెల్లుబాటులో ఉన్నవాళ్లు ఆన్‌లైన్లో ఈ-వీసా తీసుకోవచ్చు. మిగతావాళ్లు వీసా దరఖాస్తు కేంద్రం ద్వారా, పాస్‌పోర్టులో అంటించే స్టిక్కర్ వీసాకు వెళ్లాలి. దానికి కనీసం రెండు నెలల ముందు నుంచే కాగితాలు సిద్ధం చేసుకోండి. గల్ఫ్‌లో ఉండే మనవాళ్లు చాలామంది అక్కడి రెసిడెన్సీతో ఈ-వీసా వచ్చేస్తుందనుకుంటారు, ఈ జాబితాలో గల్ఫ్ దేశాలు లేవు. పిల్లలకూ విడివిడిగా వీసా కావాలి. ఈ-వీసా తీసుకునేటప్పుడు టర్కీ ప్రభుత్వ సైటులోనే తీసుకోండి. అచ్చం దానిలాగే కనిపిస్తూ రెట్టింపు డబ్బు గుంజే సైట్లు చాలా ఉన్నాయి.

ఇస్తాంబుల్‌లో రెండు విమానాశ్రయాలున్నాయి. ఆసియా వైపున్న సబీహా గోక్చెన్ నుంచి బుర్సా దగ్గర. గల్ఫ్ మీదుగా వచ్చే విమానాల్లో కొన్ని అక్కడ దిగుతాయి. టికెట్ ధర ఒకటే అయితే దాన్నే తీసుకోండి, పిల్లలకు గంట ప్రయాణం తగ్గుతుంది.

ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు మంచు ఆటలకు కూడా వర్తిస్తుందా అని చదివి చూసుకోండి. మామూలు పాలసీల్లో చాలావరకు స్కీయింగ్ దెబ్బలకు డబ్బు ఇవ్వరు. విడిగా చేర్పించుకోవాలి.

కొండెక్కడం

ఇస్తాంబుల్ నుంచి బుర్సాకు రెండు దారులు. ఎమినొను రేవు నుంచి ముదాన్యాకు ఫెర్రీలో దాదాపు రెండు గంటలు. రోడ్డు మీద అయితే 2016లో తెరిచిన ఉస్మాన్‌గాజీ వంతెన మీదుగా రెండు, రెండున్నర గంటలు. బుర్సా నుంచి పైకి తెఫెర్రుచ్ స్టేషన్లో కేబుల్ కారు ఎక్కాలి. అక్కడివాళ్లు తెలెఫెరిక్ అంటారు. మధ్యలో కడియయ్లా, సరియలాన్ స్టేషన్లు దాటుకుంటూ హోటళ్ల దగ్గర దింపుతుంది. దాదాపు 9 కిలోమీటర్లు. కింద ఎండిన కొమ్మలు, కాసేపటికి పైన్ చెట్ల మీద చారల్లాగా మంచు, ఆ తర్వాత చెట్టుకీ నేలకీ తేడా తెలియనంత తెలుపు. మా పాప అద్దానికి ముక్కు ఆనించి దిగేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఒక్కవైపైనా కేబుల్ కారులో వెళ్లి తీరండి.

కానీ పూర్తిగా దాన్నే నమ్ముకోవద్దు. లోదోస్ అని నైరుతి గాలి ఒకటి వీస్తుంది అక్కడ. అది జోరందుకుంటే కేబుల్ కారు ఆపేస్తారు, అదే గాలికి సముద్రంలో ఫెర్రీలూ రద్దవుతాయి. రెండూ ఒకే రోజు ఆగిపోతాయని ముందే అనుకుని రోడ్డు దారి సిద్ధంగా పెట్టుకోండి. బుర్సాలో తోపానె దగ్గర నుంచి హోటళ్ల దాకా మినీ బస్సులు నడుస్తాయి. కారు మాట్లాడుకుంటే మాత్రం బయల్దేరే ముందే చలికాలపు టైర్లు ఉన్నాయా, చక్రాలకు కట్టే గొలుసులు డిక్కీలో ఉన్నాయా అని కళ్లతో చూసుకోండి. గొలుసును జింజిర్ అంటారు. మేం మాట్లాడుకున్న డ్రైవరు "ఉన్నాయి, ఉన్నాయి" అన్నాడు. మలుపు దగ్గర జెందర్మా పోలీసులు ఆపి డిక్కీ తెరిపిస్తే లేవు. వేరే బండి వచ్చేదాకా గంటసేపు రోడ్డు పక్కనే ఉన్నాం. అత్తయ్యకు నా శాలువా, నా కోటు రెండూ కప్పాను. ఆ గంట టెన్షన్ మీకొద్దు.

హోటల్ గది

ఉలుదాలో హోటళ్లు రెండు ప్రాంతాలుగా ఉంటాయి, మొదటి బొల్గె, రెండో బొల్గె అంటారు. మొదటిదాంట్లో సందడి ఎక్కువ, రెండోది కొంచెం ప్రశాంతం. చిన్నపిల్లలుంటే గది తలుపు తీస్తే మంచు కనిపించేంత దగ్గరగా ఉన్న హోటల్ వెతకండి. బాత్రూమ్‌కని, దాహమని, చేతులు వణుకుతున్నాయని రోజుకి పదిసార్లు లోపలికి రావాల్సి వస్తుంది.

బుక్ చేసే ముందు రాసి అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ధరలో మూడు పూటల భోజనం ఉందా? దాన్ని తమ్ పన్సియోన్ అంటారు, యారిమ్ పన్సియోన్ అంటే రెండు పూటలే. లిఫ్టు పాసు కలిపే ఇస్తున్నారా? వేడినీళ్ల కొలను పిల్లలకు ఏ టైములో? వాతావరణం వల్ల రాలేకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా? టర్కీలో ధరలు త్వరత్వరగా మారుతుంటాయి. కిందటేడు ఎవరో చెప్పిన లెక్క పట్టుకుని బడ్జెట్ వేసుకోవద్దు, మీ తేదీలకే రేటు రాయించుకోండి.

ఇంకొక ప్రశ్న ఉంది, దాన్ని అడగకుండా డబ్బు కట్టకండి. 2025 జనవరి 21 తెల్లవారుజామున బోలు జిల్లా కర్తల్‌కయాలోని ఒక స్కీ హోటల్లో మంటలు చెలరేగి 78 మంది చనిపోయారు. బడి సెలవులకు వచ్చిన కుటుంబాలవి. ఆ వార్త చదివాక నేను ఏ కొండ హోటల్లోనైనా మొదట అడిగేది ఫైర్ అలారం ఉందా, బయటి నుంచి దిగే అత్యవసర మెట్లున్నాయా అనే. వీలైతే కింది అంతస్తుల్లో గది అడుగుతాను. గదిలోకి వెళ్లగానే సామాను విప్పకముందే పిల్లల చేతులు పట్టుకుని మెట్లదాకా నడిచి, అవి తెరుచుకుంటున్నాయో లేదో చూసి వస్తాం. మీరూ అలాగే చేయండి. రెండు నిమిషాల పని.

బట్టలు

మన తెలుగువాళ్లు ఎక్కువగా పొరపాటు చేసేది ఇక్కడే. చలి అనగానే పెద్ద స్వెటర్ ఒకటి, మంకీ క్యాప్ ఒకటి కొంటాం. మంచులో అసలు శత్రువు తడి. కాటన్ బట్ట చెమటనీ మంచునీ పీల్చుకుని ఒంటికి అతుక్కుపోతుంది, కాసేపటికి వణుకు మొదలవుతుంది. అందుకే ఒంటికి తగిలేది కాటన్ కాకూడదు. లోపల ఊలు లేదా సింథటిక్ థర్మల్, మధ్యలో ఫ్లీస్, పైన నీళ్లు దిగని జాకెట్, ప్యాంటు. లోపలి రెండు పొరలూ హైదరాబాద్, విజయవాడల్లోనే దొరుకుతాయి. పై జాకెట్, ప్యాంటు, బూట్లు కొండ మీద అద్దెకిస్తారు. మూడు రోజుల కోసం వేలు పోసి కొనక్కర్లేదు. పిల్లల సైజులు తొందరగా అయిపోతాయి, చేరిన సాయంత్రమే తీసిపెట్టుకోండి.

కొనాల్సింది చేతి తొడుగులు. తలా రెండు జతలు, నీళ్లు దిగనివి. చిన్నపిల్లలకు వేళ్లు విడిగా ఉండేవాటికంటే బొటనవేలు ఒక్కటే విడిగా ఉండే సంచీ లాంటివి వెచ్చగా ఉంటాయి. మొదటి రోజు మా పాపకు ఊలు తొడుగులు వేశాను. పదిహేను నిమిషాల్లో వాటికి మంచు ఉండలు ఉండలుగా పట్టేసింది, చెయ్యి తీసి చూస్తే వేళ్ల చివరలు ఎర్రగా చల్లగా ఉన్నాయి. నా జాకెట్ లోపల చంకలో పెట్టుకుని వెచ్చచేస్తే ఏడుపు ఆపింది. వేళ్లు, చెవి తమ్మెలు, ముక్కు కొన తెల్లబడి మొద్దుబారితే వెంటనే లోపలికి తీసుకెళ్లి ఇలాగే ఒంటి వేడితో నెమ్మదిగా వెచ్చచేయాలి. మంచుతో రుద్దకూడదు, హీటర్ దగ్గర పెట్టకూడదు. రాత్రిపూట తడి తొడుగులు, సాక్సులు గదిలోని రేడియేటర్ మీద వరసగా ఆరేస్తే పొద్దున్నకి పెళపెళలాడుతూ ఉంటాయి. దాన్ని అక్కడ కలోరిఫేర్ అంటారు.

సాక్సు ఒక్కటే, మందంగా, మోకాలి దాకా ఉండేది. రెండు వేస్తే బూటు బిగుసుకుని రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి. ఎండ కళ్లద్దాలు అందరికీ, పిల్లలకు కూడా. మంచు మీద పడిన ఎండ కింద నుంచి తిరిగి మొహం మీదే పడుతుంది. గడ్డం కింద, ముక్కు కింద కూడా సన్‌స్క్రీన్ రాయండి. కొబ్బరినూనె తీసుకెళ్తే గడ్డకట్టి సీసాలోంచి రాదు, పెదాలకు వాజిలిన్ మేలు. గదుల్లో హీటర్ల వల్ల గాలి బాగా పొడిగా ఉంటుంది, పిల్లలకు ముక్కులోంచి రక్తం రావచ్చు. రాత్రి రేడియేటర్ మీద ఒక తడి తువ్వాలు వేసి ఉంచండి. ఉబ్బసం ఉన్నవాళ్ల ఇన్‌హేలరూ, ఫోనూ లోపలి జేబులో ఉండాలి. చలికి ఫోన్ బ్యాటరీ ఉన్నట్టుండి ఆగిపోతుంది.

మంచు మీద మొదటి రోజు

మొదటి రోజు స్కీలు అద్దెకు తీసుకోవద్దు. పిల్లలను మంచులో దొర్లనివ్వండి, ఉండలు విసురుకోనివ్వండి. బూట్లతో ఎలా నడవాలో కాళ్లకు తెలియాలి. పెద్దవాళ్లకు చెప్పాల్సింది ఒకటే: చిన్న చిన్న అడుగులు, కాలు మొత్తం ఒకేసారి కింద పెట్టడం, చేతులు జేబుల్లో పెట్టుకోకపోవడం. మెత్తటి మంచు మీద ఎవరూ జారరు. ప్రమాదమంతా హోటల్ గుమ్మం ముందు తొక్కి తొక్కి గాజులా మారిన గడ్డ మీదే.

రెండో రోజు ఉదయం పదింటికి పిల్లలకు టీచర్‌ను మాట్లాడండి. ఐదారేళ్ల పిల్లలకు గంట చాలు. హెల్మెట్ లేకుండా ఒప్పుకోకండి. స్కీల ముందు కొనలు దగ్గరగా, వెనక కొనలు దూరంగా పెట్టి వేగం తగ్గించుకోవడమే మొదటి పాఠం. అది వచ్చేదాకా లిఫ్టు ఎక్కించొద్దు. పడిపోతున్నట్టనిపిస్తే పక్కకు కూలబడమని చెప్పండి. స్లెడ్జి బండిని కిజాక్ అంటారు. దానికి కేటాయించిన వాలులోనే జారాలి, స్కీ చేసేవాళ్ల దారిలోకి అస్సలు పోనివ్వకండి. దెబ్బలు ఎక్కువగా తగిలేది అలాగే. మధ్యాహ్నం మూడింటికల్లా లోపలికి వచ్చేయండి. అలసిన కాళ్లు, వాలుతున్న ఎండ, తిరిగి గట్టిపడే మంచు, ఈ మూడూ కలిసేది అప్పుడే. ఏదైనా జరిగితే 112కు ఫోన్ చేయాలి. స్కీ కొండల మీద జెందర్మావాళ్ల రక్షణ దళాలు కూడా ఉంటాయి.

తిండి

గొడ్డుమాంసం తినని ఇళ్లవాళ్లు నాలుగు మాటలు నేర్చుకోండి. దనా, సిగిర్ అంటే ఆవు జాతి మాంసం. కుజు అంటే గొర్రెపిల్ల. తవుక్ అంటే కోడి. కొండ మీద పొగలు కక్కుతూ కాల్చి రొట్టెలో పెట్టిచ్చే సుజుక్ అనే సాసేజ్ మామూలుగా గొడ్డుమాంసమే. కొఫ్తె అనే మాంసపు ఉండలు కూడా చాలాచోట్ల అంతే. శాకాహారులు ఎత్‌సిజ్ అని చెప్తే మాంసం లేకుండా అని అర్థం. అన్నం, పప్పు సూప్ కూడా ఒక్కోసారి మాంసం ఉడికించిన నీళ్లతో చేస్తారు, అందుకని ఎత్ సుయు వేశారా అని విడిగా అడగాలి. ఎర్ర కందిపప్పుతో చేసే మెర్జిమెక్ చోర్బా మన పప్పుచారుకు దగ్గర చుట్టం. అత్తయ్య అందులో నిమ్మకాయ పిండి, ఇంటి నుంచి తెచ్చిన కందిపొడి చల్లుకుని మూడు రాత్రులూ అదే తాగారు. బంగాళాదుంప, పాలకూర, చీజ్ పెట్టి కాల్చే గొజ్లెమె రొట్టె పిల్లలకు బాగా నచ్చుతుంది. పెరుగు ఎక్కడైనా దొరుకుతుంది, ఉప్పు మజ్జిగను అయ్‌రాన్ అంటారు. పొడులు తీసుకెళ్లండి. ఆవకాయ సీసాను రెండు కవర్లలో చుట్టి చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి.

దిగి వచ్చాక

కొండ దిగిన రోజే ఇంటికి విమానం పెట్టుకోవద్దు. లోదోస్ వీస్తే మీరు పైనే ఉండిపోతారు. బుర్సాలో ఒక రాత్రి ఉండండి. చెకిర్గె ప్రాంతంలో భూమిలోంచి వచ్చే వేడినీటి స్నానాలున్నాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు మూడు రోజుల చలి తర్వాత ఆ నీళ్లు ఎంత హాయో చెప్పలేను. బీపీ, గుండె మందులు వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడిగే దిగాలి. ఇరవై గుమ్మటాల ఉలు జామి మసీదు, దాని పక్కనే పట్టుబట్టల అంగళ్లున్న కొజా హాన్ అనే పాత వర్తకుల సత్రం ఊరి నడిబొడ్డున ఒకదానికొకటి నడిచే దూరంలో ఉన్నాయి. కొజా అంటే పట్టుగూడు. ఒకప్పుడు గూళ్ల వ్యాపారం అంతా ఆ ముంగిట్లోనే జరిగేది. ధర్మవరం, పోచంపల్లి చీరలు కట్టేవాళ్లకు అక్కడ కాలు కదలదు. చెస్ట్‌నట్ కాయలను పాకంలో ఉడికించి చేసే కెస్తానె షెకెరి బుర్సా మిఠాయి, ఇంటికి అవే తీసుకెళ్లండి.

చివరి రాత్రి సామాను సర్దేటప్పుడు ఆరని బట్టలను విడిగా ప్లాస్టిక్ సంచిలో కట్టండి. బరువు ఎక్కువైతే మందపాటి జాకెట్లు, బూట్లు ఒంటి మీదే వేసుకుని విమానం ఎక్కండి. శంషాబాద్‌లో దిగేముందు పిల్లల థర్మల్స్ విప్పించడం మర్చిపోకండి, జనవరిలో కూడా మన ఎండకు అవి పనికిరావు.